తమ్ముణ్ణి ఎవరు చూస్తారు?

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఒక ఊళ్లో నేను కొన్నేళ్లు సైన్సు పాఠాలు చెప్పాను. కాలువకు నీళ్లు వదిలారంటే చాలు, హాజరు పట్టీ తెరవకుండానే తొమ్మిదో తరగతిలో ఎవరెవరు రారో చెప్పగలిగేవాణ్ణి. నాట్లు మొదలైతే మగపిల్లలు కొందరు నారుకట్టలు మోయడానికి పోయేవారు. ఆడపిల్లల్లో చాలామంది పొలానికి కూడా పోయేవారు కాదు, ఇంట్లోనే ఉండిపోయేవారు. అలా పది రోజులు కనబడని ఒక అమ్మాయి ఒకనాడు దారిలో ఎదురైంది. బడి ఎందుకు మానేశావని కాస్త కోపంగానే అడిగాను. చంకలో ఉన్న పిల్లవాణ్ణి పైకి సర్దుకుంటూ, "అమ్మ నాట్లకు పోతె తమ్మున్ని ఎవరు చూస్తరు సార్?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. చంకలో ఉన్నవాడి వంక చూశాను. పద్నాలుగు నెలలవాడు. జబ్బుపిల్లవాడిలా ఏమీ లేడు. ఊరికే చిన్నగా, అల్లరి లేకుండా, అక్క భుజం మీద తల వాల్చి ఉన్నాడు.

ఒకప్పుడు మన పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు కొందరు 4 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గాజు ఒకటి వెంట ఉంచుకునేవారు. దాన్ని బిడ్డ చేతికి తొడిగి పైకి జరిపేవారు. గాజు మోచేయి దాటి జబ్బ మీదికి సులువుగా ఎక్కిపోతే ఆ బిడ్డకు పోషణ చాలడం లేదని లెక్క. 4ను 3.14తో హెచ్చవేస్తే చుట్టుకొలత 12.56 సెంటీమీటర్లు వస్తుంది గదా! ఇప్పుడు గాజుకు బదులు మూడు రంగుల టేపు వాడుతున్నారు. ఆరు నెలలు నిండి ఐదేళ్లు నిండని బిడ్డకు జబ్బ చుట్టుకొలత 12.5 సెం.మీ. కంటె తక్కువ ఉంటే పసుపు రంగు చూపుతుంది, 11.5 కంటె తక్కువ ఉంటే ఎరుపు. ఎరుపు వస్తే ఆ బిడ్డను వెంటనే వైద్యులకు చూపించాలి. ఏడాది నుంచి ఐదేళ్ల వరకు ఆరోగ్యంగా ఉన్న బిడ్డ జబ్బ లావు పెద్దగా మారదు. అందుకే వయసు సరిగ్గా తెలియకపోయినా, తూచే యంత్రం లేకపోయినా, ఈ ఒక్క కొలత పనికొస్తుంది.

మర్నాడు టేపు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. 12.2 వచ్చింది.

పౌష్టికాహార లోపం అనగానే మనకు కరువు గుర్తుకొస్తుంది. ఖాళీ కుండ, ఆరిన పొయ్యి కళ్ల ముందు మెదలుతాయి. ఆ ఇంట్లో అవేవీ లేవు. రేషను బియ్యం మూట మూలన ఉంది. డబ్బాలో కందిపప్పు ఉంది. పెరట్లో రెండు కోళ్లు తిరుగుతున్నాయి. అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం పొట్లం అటక మీద, మూతి కూడా విప్పకుండా ఉంది. ఇన్ని ఉన్న ఇంట్లో ఆ పిల్లవాడు మాత్రం ఆకలితో ఉన్నాడు. ఈ చిక్కు విప్పకుండా, పసిపిల్లలకు తిండి చాలకపోవడానికి కారణాలు ఇవీ అవీ అని పట్టీ రాసుకుని లాభం లేదని నా అభిప్రాయం.

ఇది ఒక్క ఇంటి కథ అయితే ఇంత రాయను. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 100కి 35 మంది పైగా వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 31, తెలంగాణలో 33. అంటే ముగ్గురిలో ఒకరు అన్నమాట. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నవారు దేశం మొత్తం మీద 100కి 11 మందే. ఈ రెండో అంకె చదివినప్పుడు నేను రెండుసార్లు చూసుకున్నాను.

ఇంతకీ మన పిల్లవాడు ఆ రోజంతా ఏం తిన్నాడు? పొద్దున్నే ఆరు గంటలకు తల్లి పాలిచ్చి పొలానికి వెళ్లింది. పదింటికి అక్క ఉప్పు వేసిన గంజి తాగించింది. మధ్యాహ్నం ఏడుస్తుంటే నానమ్మ ఐదు రూపాయల బిస్కెట్ పాకెట్ తెప్పించింది. తర్వాత నిద్ర. పొద్దు గుంకాక తల్లి వచ్చి పాలిచ్చింది. అన్నం వండేసరికి వాడు మళ్లీ నిద్రపోయాడు.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. పిల్లవాడి బరువు 8 కిలోలు. పసిపిల్లల పొట్టలో ఒక్కసారికి పట్టేది కిలో బరువుకు 30 మి.లీ. చొప్పున ఉంటుంది. అంటే వీడి పొట్ట 240 మి.లీ., ఒక పెద్ద గ్లాసుడు. ఏడాది దాటిన బిడ్డకు తల్లిపాలు కాక, బయటి ఆహారం నుంచి రోజుకు సుమారు 550 కాలరీలు కావాలి. (మీ పాఠ్యపుస్తకంలో వీటిని కిలోకాలరీలంటారు. వాడుకలో కాలరీలనే అంటున్నాం.) 20 గ్రాముల బియ్యాన్ని అర లీటరు నీళ్లలో గంజి కాస్తే అందులో ఉండేవి 70 కాలరీలు. ఆ గంజితోనే 550 కాలరీలు రావాలంటే పిల్లవాడు దాదాపు 4 లీటర్లు తాగాలి! రోజుకు పదహారు సార్లు వాడి పొట్ట నిండి ఖాళీ కావాలి. అదే గట్టిగా మెత్తగా పిసికిన పప్పన్నంలో చెంచాడు నెయ్యో నూనో వేస్తే ఒక చిన్న గిన్నెడులో, అంటే 150 గ్రాముల్లో, 200 కాలరీలు ఉంటాయి. మూడు గిన్నెలతో పని అయిపోతుంది. పెద్దవాళ్లకు నెయ్యి తగ్గించమని వైద్యులు చెబుతారు. పసివాడికి మాత్రం ఆ చెంచాడు క్రొవ్వు చాలా విలువైనది. చిన్న పొట్టలో ఎక్కువ శక్తిని ఇమిడ్చే ఉపాయం అది.

"అన్నప్రాశన నాడే ఆవకాయా?" అని మన సామెత. తొందరపడకు అని దాని అర్థం. మన ఇళ్లలో జరుగుతున్నది తద్విరుద్ధం. ఆరో నెలలో బంగారు ఉంగరంతో పాయసం నాకించి, ఫోటో తీయించి, విందు చేసి, ఆ తర్వాత అన్నం సంగతి మరచిపోతారు. 'పళ్లు రానీ', 'నడవనీ', 'అరగదు' అంటూ ఏడాది దాకా పాలమీదే నెట్టుకొస్తారు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు, నిజమే. ఏడో నెల వచ్చేసరికి పాలు ఒక్కటే చాలవు. పాలు రెండేళ్ల దాకా ఇస్తూనే పక్కన అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు నలిపి పెట్టాలి. అన్నప్రాశనకు ఆరో నెల పెట్టినవారెవరో గాని బిడ్డల సంగతి బాగా ఎరిగినవారే. వేడుక మిగిలింది, అసలు పని జారిపోయింది.

జావ పలచన చేయకుండా బిడ్డ మింగే విధంగా చేసే ఉపాయం కూడా మన పెద్దలకు తెలుసు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి విసిరేవారు. గింజ మొలకెత్తేటప్పుడు అందులో ఎమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండి పదార్థపు పొడుగాటి గొలుసులను తుంచుతుంది. ఇంట్లో చేసి చూడండి. రెండు గిన్నెల్లో రాగిపిండి జావ గరిటె నిలిచేంత గట్టిగా కాచి, గోరువెచ్చగా కానివ్వండి. వేయించకుండా ఎండబెట్టి మాత్రమే విసిరిన మొలక పిండి ఒక చెంచా ఒకదానిలో వేసి కలపండి. కొద్ది నిమిషాల్లో అది జారుగా అయిపోతుంది. నీళ్లు ఒక్క చుక్క పోయలేదు, కాలరీలు ఒక్కటి తగ్గలేదు! వేయించిన పిండితో ఇలా ఎందుకు జరగదో మీరే ఆలోచించండి. బిడ్డకు పెట్టేముందు మాత్రం ఆ జావను మళ్లీ ఒకసారి బాగా మరగనివ్వాలి. పచ్చి మొలక పిండిలో సూక్ష్మజీవులు ఉండవచ్చు.

కాలరీల గురించి ఇంతగా చెప్పడానికి మరో కారణం ఉంది. 1950, 60లలో ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు పేద పిల్లలకు మాంసకృత్తులు చాలడం లేదని నమ్మారు. మాంసకృత్తుల పొడులు తయారు చేసి పంచితే సమస్య తీరుతుందని అనుకున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు మన పిల్లలు నిజంగా ఏం తింటున్నారో దగ్గరగా చూశారు. పిల్లలకు అన్నమే చాలడం లేదు. మామూలుగా తినే అన్నం పప్పే కడుపునిండా పెడితే అందులోని మాంసకృత్తులు దాదాపు సరిపోతాయి అని వాదించారు. 1970ల మొదట్లో హైదరాబాదు పరిసర గ్రామాల్లో పిల్లలకు రోజుకు సుమారు 300 కాలరీలు అదనంగా ఇచ్చి చూస్తే ఎదుగుదల మెరుగైంది. డబ్బా పొడుల ప్రకటనలు ఇవాళ టీవీలో చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది. అలాగని గుడ్డు, పాలు, ఆకుకూరలు వద్దని కాదు. ఇనుము, విటమిన్లు వాటిలోంచే రావాలి.

సరే, తిండి పెట్టామే అనుకోండి. అది ఒంటికి పట్టాలి గదా? చిన్నప్రేవు లోపలి గోడ మీద వేలికొనల్లాంటి ఆంత్రచూషకాలు ఉంటాయని మీరు చదువుకున్నారు. మురికి నీళ్లు, దుమ్ము, ఈగలు వాలిన గిన్నె ద్వారా సూక్ష్మజీవులు నిత్యం లోపలికి పోతుంటే ఆ చూషకాలు పొట్టివై మొద్దుబారుతాయి. తిన్నది పూర్తిగా రక్తంలోకి చేరదు. విరేచనాలు పట్టుకుంటే ఆకలి చస్తుంది, బరువు తగ్గుతుంది. బలం తగ్గిన ఒంటికి మళ్లీ జబ్బు త్వరగా వస్తుంది. ఇదొక గానుగెద్దు తిరుగుడు. పైగా మనకొక సామెత ఉంది, "లంఖణం పరమౌషధం" అని. పెద్దవాడు ఒక పూట మానితే ఏమీ కాదు. ఎనిమిది కిలోల పిల్లవాడికి లంఖణం ఔషధం కాదు, జబ్బుకు చేసే సాయం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కలరాతో పడిపోతుంటే బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు నోటి ద్వారానే తాగించి ఎందరినో కాపాడారు. ఇప్పుడు ఆ పొట్లాలే ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఓ.ఆర్.ఎస్. పేరుతో దొరుకుతున్నాయి. అవి తాగిస్తూ తిండి కూడా ఆపకుండా పెట్టాలి.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో వేలాది కుటుంబాలకు మరుగుదొడ్లు కట్టించి, చేతులు కడుక్కునే ఏర్పాట్లు చేసి, పిల్లల ఎత్తు పెరుగుతుందేమో చూశారు. 2018, 2019లలో ఫలితాలు వచ్చాయి. ఎత్తు పెరగలేదు. దీనిబట్టి శుభ్రత వల్ల ఉపయోగం లేదనుకుంటే తప్పు. ఇంటికొక దొడ్డి, సబ్బుబిళ్ల ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదని, ఊరు ఊరంతా మంచినీళ్లు, మురుగుకాలువ బాగుపడాలని నాకు అర్థమైంది.

కొందరు పెద్దలు "మా వంశమే పొట్టి, వీడూ అంతే" అని తేల్చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఎదుగుదల పట్టికలు ప్రకటించేముందు బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమాన్, అమెరికాలతో పాటు మన దేశంలో కూడా పిల్లల్ని కొలిచింది. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత, వైద్యం అందిన పిల్లలు ఆరు దేశాల్లోనూ మొదటి ఐదేళ్లలో దాదాపు ఒకేలా ఎదిగారు. ఢిల్లీ పిల్లవాడు నార్వే పిల్లవాడికి తీసిపోలేదు. రెండేళ్ల బిడ్డ సుమారు 86 సెం.మీ. ఉండాలి, 80 దగ్గరే ఆగిపోతే ఆ నేరం వంశం మీద తోయకూడదు.

ఇక మీలో ఆడపిల్లలకు నేరుగా తగిలే మాట ఒకటి చెప్పాలి. బిడ్డకు ముప్పు పుట్టిన తర్వాత మొదలవదు. పదహారు, పదిహేడేళ్లకే తల్లి అయిన అమ్మాయి ఒళ్లు ఇంకా తానే ఎదుగుతూ ఉంటుంది. ఆమె తిన్నది ఇద్దరు పంచుకోవాలి. పుట్టే బిడ్డ రెండున్నర కిలోలు తూగకపోవచ్చు. అలా పుట్టినవాడు వెనకబడే పరుగు మొదలుపెడతాడు. పైన చెప్పిన సర్వేలోనే, 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 100కి 29 మంది, తెలంగాణలో సుమారు 24 మంది. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 100కి 59 మందికి రక్తహీనత. కాన్పుకూ కాన్పుకూ ఎడం లేకపోవడం మరొక ముప్పు. 1933లో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఇప్పటి ఘనాలో ఒళ్లు ఉబ్బి, చర్మం పొలుసులు లేచిన పిల్లల జబ్బును వర్ణించింది. 1935లో దానికి అక్కడి గా భాషలోని పేరే పెట్టింది: క్వాషియోర్కర్. కొత్త బిడ్డ వచ్చినప్పుడు ముందు బిడ్డకు వచ్చే జబ్బు అని అర్థం. పాలు కొత్తబిడ్డకు పోతాయి, పెద్దవాడికి తగిన తిండి దొరకదు. ఏ పుస్తకమూ చదవని ఆ తల్లులు కారణాన్ని జబ్బు పేరులోనే చెప్పేశారు.

ఇన్ని కారణాలు చెప్పాక చాలామంది చేసే పని, తల్లికి తెలియదు, నేర్పాలి అనడం. గోడలమీద బొమ్మలు అంటిస్తారు, సభలు పెడతారు. నేనూ ఆ రోజు సాయంత్రం అదే చేశాను. గంజి వద్దు, పప్పన్నం పెట్టమ్మా అని మొదలుపెట్టాను. ఆమె కాళ్లకు అంటిన బురద ఇంకా కడుక్కోలేదు. "నాకు తెల్వదా సారూ? పొద్దున పోతె పొద్దుమూకి వస్తి. ఎప్పుడు పెట్టాలె?" అంది. పెద్దదాన్ని అంతే చక్కగా పెంచింది ఆమె. అప్పుడు అత్తగారికి కళ్లు కనిపించేవి, ఓపిక ఉండేది. తండ్రి తాపీ పనికి మిర్యాలగూడ పోయి రాత్రికి వస్తాడు. ఒక పూట అతను ఆగి పిల్లవాడికి పెట్టవచ్చు గదా అన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. నిజం చెప్పాలంటే అడిగేదాకా నాకూ రాలేదు.

పసివాడికి రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కొక్కసారి అరగంట, ఓపికగా తినిపించాలి. వాడు ఉమ్మేస్తాడు, పరుగెడతాడు, మళ్లీ వస్తాడు. మూటలో బియ్యానికి ఎంత విలువ ఉందో ఈ రెండు గంటలకు అంత విలువ ఉంది. మన ప్రభుత్వాలు బియ్యం లెక్క వేశాయి గాని ఈ గంటల లెక్క వేయలేదు. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ పథకం గొప్పదే. అది లేకపోతే మన పరిస్థితి ఇంకా హీనంగా ఉండేది. అందులో మూడేళ్లు నిండినవాళ్లకు కేంద్రంలోనే వేడి అన్నం పెట్టి కూర్చోబెడతారు. మూడేళ్ల లోపువాళ్లకు మాత్రం పొట్లం ఇచ్చి ఇంటికి పంపుతారు. తెలంగాణలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం, అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. వస్తువు మంచిదే. అయితే ఎదుగుదల ఆగిపోయే వయసే ఆరు నెలల నుంచి రెండేళ్లు. ఆ వయసు బిడ్డకు పొడి ఇచ్చి, తినిపించే చేతిని ఇవ్వకపోతే ఆ చెయ్యి ఎక్కడినుంచి రావాలి? బడి నుంచి వస్తోంది. తొమ్మిదో తరగతి అమ్మాయి చెయ్యి అది.

పల్లెల్లో, ముఖ్యంగా నాట్ల కాలంలో, కోతల కాలంలో, పసిపిల్లల్ని పగలంతా చూసి తినిపించే శిశుగృహాలు నడపాలనీ, ఆ పని చేసేవారికి సరైన జీతం ఇవ్వాలనీ నేనంటాను. ఇది నా ఊహ కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే, పని దగ్గరికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు వస్తే వారిని చూడటానికి ఒక స్త్రీని కూలి ఇచ్చి పెట్టాలని రాశారు. నేను చూసిన పనుల దగ్గర చెట్టునీడే తప్ప ఆ స్త్రీ కనబడలేదు. 2022లో కేంద్ర ప్రభుత్వం 'పాలనా' పేరుతో 17 వేల అంగన్‌వాడీలలో శిశుగృహాలు తలపెట్టింది. దేశంలో అంగన్‌వాడీలు సుమారు 14 లక్షలు. లెక్క మీరే వేయండి. డబ్బెక్కడిదని అడిగేవారున్నారు. ఇప్పుడు కూడా ఆ ఖర్చు ఎవరో భరిస్తూనే ఉన్నారు. అది పద్దుల్లో కనబడడం లేదు, అంతే.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఊరి ఆశా కార్యకర్త వచ్చి చూసింది, ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. పొట్లం విప్పారు. గంజి మానేసి అక్క రోజుకు మూడుసార్లు గట్టి జావ, పప్పన్నం, గుడ్డు నలిపి పెట్టింది. తినిపించిన ప్రతిసారీ గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేది. నేను వెళ్లినప్పుడల్లా లెక్కపెట్టి చూపించేది. కార్తీక మాసానికి టేపు 13.1 చూపింది. వాడు నా కళ్లజోడు లాగి పారేశాడు.

నాట్లు, ఆ తర్వాత కలుపులు అయిపోయాక ఆమె బడికి వచ్చింది. అప్పటికి క్వార్టర్లీ పరీక్షలు అయిపోయాయి.